పక్క సీటులో బ్రేకు

"అద్దం దించమ్మా."

దించలేదు.

"పోనీ తలుపు తియ్యి."

తియ్యలేదు. స్టీరింగు ముందు వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంది అమ్మ. ముప్ఫై రెండేళ్లు తరగతి గదిలో కుర్చీకి ఆనుకోకుండా గడిపిన మనిషి. కారు సీటుకి ఆనుకుంటుందా?

చిట్టి వేలి కణుపుతో అద్దం మీద ఇంకోసారి కొట్టింది. టైలరు ఫోన్ చేయగానే ఆఫీసు నుంచి బస్సెక్కి వచ్చేసింది. పెద్దరోడ్డు దగ్గర దిగి పరుగు. ఒంటి మీద పచ్చ కోటు కూడా విప్పలేదు. నగర రవాణా ఆఫీసు వాళ్లకీ, వీధి తవ్వేవాళ్లకీ ఒకటే రంగు కోటు. అమ్మ కళ్లకి తానూ ఆ తవ్వేవాళ్లలో ఒకతెలా కనిపిస్తోందని తట్టి, గబగబా విప్పి చంకలో పెట్టుకుంది.

"ఎప్పట్నుంచి ఉంది?"

"ఏడింటి నుంచి," అన్నాడు టైలరు. మెడలో టేపు, చెవిలో పెన్సిలు. అమ్మ ఉండే రెండో అంతస్తు కింద ఆయన షాపు. "నేను షట్టరు ఎత్తేసరికే ఎక్కి కూర్చున్నారు. మంచినీళ్లిస్తే అద్దం ఇంత దించి తీసుకున్నారు. గ్లాసు మళ్లీ ఆ సందులోంచే ఇచ్చి అద్దం ఎక్కించేశారు. అచ్చం బ్యాంకు కౌంటరే."

"ఏమైనా మాట్లాడిందా?"

"గ్లాసు సరిగ్గా కడగలేదన్నారు."

తవ్వకం మొదలయ్యే దాకా ఈ వీధికి రెండు పక్కలా కలిపి నూట పది కార్లు ఆగేవి. చిట్టే లెక్కపెట్టింది. ఇవాళ ఒక్కటి మిగిలింది. నాన్న కారు. దాని వెనక అయిదు గజాల దూరం దాకా గొయ్యి వచ్చి ఆగింది. గొయ్యిలో పైపులు, పైపుల మీద మట్టి, మట్టి మీద రాళ్లు పరిచి, చెట్లు నాటి, బల్లలు వేస్తారు. ఇక ఈ వీధిలో మనుషులే నడుస్తారు, బండ్లు నడవవు. మలుపులో పెట్టిన బోర్డు మీద బొమ్మ కూడా వేశారు. బొమ్మలో అందరూ నవ్వుతున్నారు.

"ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే సామెత అనుకునేవాణ్ని," అన్నాడు టైలరు. "ఇప్పుడు మా గుమ్మం ముందు నిజంగానే గొయ్యి. నుయ్యి ఎప్పుడు తవ్వుతారో మీ ఆఫీసులో కనుక్కుని చెప్పమ్మాయ్."

తవ్వకం మేస్త్రీ హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని దగ్గరికొచ్చాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు.

"మేడమ్, మీరు మా ఆఫీసు వాళ్లే కదా. మీకు చెప్పేంత వాణ్ని కాదు. పన్నెండుకి క్రేను వస్తుంది. నాకూ అమ్మ ఉంది. క్రేనుకి లేదు కదా."

చిట్టి ఫోన్ చూసుకుంది. పదిన్నర దాటింది.

"క్రేను ఎక్కితే బండి యార్డుకి వెళ్తుంది. జాబితాలో ఉన్న బండి యార్డుకి వెళ్తే ఇక బయటికి రాదు, తుక్కే. మీకు తెలియనిదేముంది," అన్నాడతను. గొంతు తగ్గించి, "అదే తనంతట తాను నడిచి ఈ వీధి దాటిందనుకోండి, నేను చూడలేదు, క్రేను చూడలేదు. నడిచే బండిని ఎవరూ ఎత్తుకుపోరు," అని చేర్చాడు.

"నడిపేవాళ్లెవరు?"

మేస్త్రీ ఆమె వైపు తేరిపార చూశాడు. ఆ చూపుకి చిట్టి అలవాటు పడిపోయింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, ఊళ్లో సగం మందికి డ్రైవింగు నేర్పిన మనిషి కూతురికి స్టీరింగు పట్టుకోవడం రాదు.

కారు వెనక తలుపు గొళ్లెం టక్కుమంది.

ముందుది కాదు, వెనకది. చిట్టి ఎక్కి కూర్చుని తలుపు వేసుకుంది. చిన్నప్పటి నుంచీ ఆమె చోటు అదే. లోపల రబ్బరు వాసన, నాన్న తల నూనె వాసన. పది నెలలైనా పోలేదు.

పక్క సీటు ఖాళీగా ఉంది. ఆ సీటు కింద కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చు. నేర్చుకునేవాళ్లు స్టీరింగు దగ్గర తడబడితే, నేర్పేవాడు ఇటు నుంచి ఆపడానికి. నాన్న పొడుగు మనిషి. ఆయన కాళ్ల కోసం ఆ సీటు కింది పట్టాలో చివరి పన్ను దాకా వెనక్కి జరిపి ఉంది. ఆయన పోయాక అందులో ఎవరూ కూర్చోలేదు. అమ్మ కూర్చోనివ్వలేదు. బరువైన సంచి పెట్టబోయినా, "అక్కడ కాదు," అనేది.

"నువ్వే రాశావు," అంది అమ్మ. వెనక్కి తిరగలేదు. అద్దంలోకి చూస్తూ అంది.

"నేనే రాశాను."

"తెలుస్తూనే ఉంది. తలకట్టు అలా ఎగరేయొద్దని ఒకటో తరగతిలో ఎన్నిసార్లు దిద్దించాను! గేటుకి అంటించిన జాబితాలోనూ ఎగరేశావు. 'కదల్లేదు' అట. ఆరుసార్లు కదల్లేదట."

"అంతకు ముందు మూడు నెలలు 'కదిలింది' అని రాశానమ్మా. అదీ నా రాతే. దాన్ని ఎవరూ గేటుకి అంటించరు."

అద్దంలో అమ్మ కళ్లు ఒక్కసారి పైకి లేచాయి.

చిట్టి పని ఇది. వారానికి రెండుసార్లు, ఎనిమిది వీధులు. ఆగి ఉన్న ప్రతి కారు దగ్గరా వంగి, టైరు నేలకి ఆనిన చోట పసుపు సుద్దతో ఒక గీత, దాని కిందే రోడ్డు మీద ఇంకో గీత. తర్వాతి సారి వచ్చినప్పుడు రెండు గీతలూ ఎదురెదురుగా ఉంటే బండి కదలనట్టు. తప్పితే కదిలినట్టు. వరసగా ఆరుసార్లు కదలకపోతే అది వదిలేసిన బండి కింద జాబితాకి ఎక్కుతుంది. కంప్యూటర్లు ఎన్ని వచ్చినా ఈ పనికి సుద్దముక్కను మించింది లేదని వాళ్ల పెద్దాఫీసరు అంటాడు.

"నేను గీత మారుస్తున్నానని నీకు తెలుసా?" అంది అమ్మ.

"మొదటి వారమే తెలిసింది."

"ఎలా?"

"గీత చూసి. మేము నడుస్తూ గీస్తాం, వంకరటింకరగా ఉంటుంది. నువ్వు తుడిచేసి కాస్త పక్కగా గీసింది బోర్డు మీద తేదీ కింద గీసినట్టు ఉంది. స్కేలు పెట్టావా?"

"స్కేలెందుకు?" అంది అమ్మ. అంత కోపంలోనూ ఆ మాటలో రవ్వంత గర్వం తొంగి చూసింది. వెంటనే సర్దుకుంది. "తెలిసీ కదిలిందని రాశావా?"

"రాశాను."

"అది అబద్ధం."

"నువ్వు గీసింది మాత్రం?"

తల్లీ కూతుళ్లు దొందూ దొందే. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుంటే, పక్కన ఇంకో పిల్లి కూర్చుని చూడనట్టు తల తిప్పుకుంది.

బయట డ్రిల్లు మోగింది. కారు అద్దాలు సన్నగా వణికాయి. అది ఆగాక అమ్మే మొదలుపెట్టింది.

"మరి మూడు వారాల కింద మనసు ఎందుకు మారింది? నీ పెద్దాఫీసరు మెచ్చుకుంటాడనా?"

"కాదు."

"ఈ వీధి మీద నీకున్న మోజు నాకు తెలియదా. కారు కనిపిస్తే చాలు, మీ ఆఫీసు వాళ్లకి కళ్లల్లో కారం."

"అమ్మా..."

"మీ నాన్న నవ్వుతూ అనేవాడు కానీ, నాకప్పుడే మండేది."

నాన్న అనేది చిట్టికీ గుర్తుంది. ఆమెకి ఈ ఉద్యోగం వచ్చిన రోజు అన్నాడు. 'నేను ఊరికి నడిపేవాళ్లని తయారు చేస్తుంటే, నా కూతురు నడిచేవాళ్లని తయారు చేస్తానంటోంది. బాగుంది. ఇంట్లో ఒక యాక్సిలరేటరూ ఒక బ్రేకూ ఉండాల్సిందే.' అని, మళ్లీ తనే, 'మరి మీ అమ్మో? హారను,' అన్నాడు. ఆ రాత్రి ఆయనకి అన్నం అమ్మ వడ్డించలేదు.

"చెప్పు. ఎందుకు?"

చిట్టి ముందు సీటు వెనక ఊడిన దారాన్ని వేలికి చుట్టుకుంది.

"ఒక గురువారం పొద్దున్నే వచ్చాను. ఆరున్నర అయి ఉంటుంది. నువ్వు రోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చుని ఉన్నావు. ఈ కారుకీ వెనక కారుకీ మధ్య. ఒక చేతిలో తడిగుడ్డ, ఒక చేతిలో సుద్ద. తవ్వకం కోసం అటు పక్క కార్లు అప్పటికే తీసేయించారు, అటు నుంచి సిమెంటు లారీ వెనక్కి వస్తోంది. డ్రైవరుకి నువ్వు కనిపించవు. నీకు లారీ కనిపించలేదు. టైరు తుడుస్తున్నావు."

అమ్మ కదల్లేదు.

"క్లీనరు అరిచాడు. లారీ ఆగింది. నువ్వు ఆ అరుపు ఎవరికో అనుకున్నావు. లేవడానికి బంపరు పట్టుకున్నావు. లేవలేక మళ్లీ కూర్చున్నావు. రెండోసారికి లేచావు."

"పిలవొచ్చుగా."

"పిలిస్తే ఏం చెప్పేదానివి?"

చిట్టి దారాన్ని వేలి నుంచి విప్పింది.

"ఆ రోజు నుంచి ఉన్నది ఉన్నట్టు రాశాను. జాబితాకి ఎక్కితే బండి పోతుంది. బండి పోతే నువ్వు రోడ్డు మీద మోకాళ్లు వంచవు. అంతే లెక్క చూసుకున్నాను. నీతో చెప్పకపోవడం తప్పే."

అమ్మ చెయ్యి తనకి తెలియకుండానే కుడి మోకాలి మీదికి వెళ్లింది. కాసేపటికి, "ఆ గ్లాసు నిజంగానే మురికిగా ఉంది," అంది. ఎవరితో అందో తెలియదు.

చిట్టి ఫోన్ మోగింది. తమ్ముడు. తలుపు తీసుకుని దిగి, టైలరు షాపు మెట్టు దగ్గరికి వెళ్లి మాట్లాడింది.

"దిగిందా అక్కా?"

"లేదు."

"క్రేను రాకముందే ఎవరినైనా డ్రైవరుని పట్టుకుని మా గోడౌనుకి తోలించు. వెనక ఖాళీ జాగా ఉంది, కొన్నాళ్లు అక్కడ పెట్టుకుందామని అమ్మకి నిన్నే చెప్పాను. సరే అంది."

"సరే అందా?"

"అంది. కాకపోతే..." తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "పన్నెండున్నరకి ఒకాయన వస్తాడు. బండి చూసుకుని తీసుకెళ్లిపోతాడు. కాగితాలన్నీ నా దగ్గరే ఉన్నాయిగా. అమ్మకి ఇప్పుడే చెప్పకు. రేపు నేనే నెమ్మదిగా చెబుతాను."

"అమ్మేశావా? నాన్న బండిరా అది!"

"తెలుసు. అందుకే. నువ్వు వారానికి రెండుసార్లు వచ్చి గీతలు గీసి వెళ్లిపోతావక్కా. రోజూ సాయంత్రం ఫోన్ చేసేది నేను. ఎక్కడున్నావమ్మా అంటే, కారులో అంటుంది. ఏం చేస్తున్నావంటే, ఇంజన్ వేడెక్కిస్తున్నా అంటుంది. పది నెలలు. వెనకాల ఇంజన్ చప్పుడు. నా వల్ల కావట్లేదు." ఆగాడు. "ఒక రోజు ఏడుస్తుంది. తర్వాత పైకి వెళ్లి, తలుపు వేసుకుని, మనిషిలా నిద్రపోతుంది. నాకు అంతే కావాలి."

చిట్టి ఆ మాట మింగనూ లేదు, కక్కనూ లేదు. తాను మూడు వారాల కింద చూసుకున్న లెక్కే తమ్ముడూ చూసుకున్నాడు. ఆ లెక్కలో అమ్మని మాత్రం ఇద్దరూ అడగలేదు.

"సరేనా?" అన్నాడు.

"సరే," అంది.

ఆ మాట అన్నందుకు నాలిక మీద చేదు మిగిలింది.

తిరిగి వచ్చి వెనక సీట్లో కూర్చుంది. పదకొండు దాటింది. మలుపులో మేస్త్రీ రెండు బారికేడ్లు పక్కకి లాగించి దారి ఖాళీ చేయిస్తున్నాడు. అడగకుండానే.

"అమ్మా, ఇంజన్ బాగానే ఉందిగా?"

"రోజూ పది నిమిషాలు. టైర్లలో గాలి మొన్న టైలరు పంపు తెచ్చి కొట్టించాడు."

"నీ లైసెన్సు?"

"ఉంది. ప్రతిసారీ మీ నాన్నే రెన్యువల్ చేయించేవాడు. 'నా మొదటి స్టూడెంటు లైసెన్సు పోతే నాకు నామోషీ' అని." అమ్మ ముఖంలో నవ్వు లాంటిది ఒకటి వచ్చి పోయింది. "ఇరవై రోజుల్లో రావాల్సిన డ్రైవింగు. ఆరు నెలలు నేర్పాడు. ఇంకా రాలేదు, ఇంకా రాలేదు అనేవాడు. రోజూ వస్తానని."

ఆ కథ చిట్టికి కంఠతా వచ్చు. పెళ్లయ్యాక అమ్మ పదేళ్లు నడిపిందనీ, తర్వాత ఒకసారి గోడకి రాసిందనీ, నాన్న ఒక్క మాట అన్నాడనీ, ఆ ఒక్క మాటకి పందొమ్మిదేళ్లు స్టీరింగు ముట్టలేదనీ తెలుసు. ఆ మాట ఏమిటో మాత్రం ఇద్దరూ ఎప్పుడూ చెప్పలేదు.

అందుకే చిట్టి ముందుకు వంగి, అమ్మ భుజం మీద చెయ్యి వేసి, మామూలుగా అంది.

"అయితే నువ్వు తియ్యి. పక్కన నేనుంటాగా."

అమ్మ భుజం చిట్టి చేతి కింద గట్టిపడింది.

తాళంచెవికి వేలాడే ఇత్తడి బిళ్ల ఊగి ఊగి ఆగింది. నాన్న తన కోసం అంటించుకున్న రెండో అద్దం చిన్నది, పక్క సీటు వైపు తిప్పి ఉంది. అందులో వెనకున్న గొయ్యి అంచు, మట్టి కుప్ప.

"ఏమన్నావు?" అంది అమ్మ.

"తప్పు మాట్లాడానా?"

"అదే మాట అన్నాడు."

"ఎవరు?"

"మీ నాన్న. ఆ రోజు పొద్దున. మంచం మీద లేచి కూర్చుని, ఛాతీ పట్టుకుని. తాళంచెవి నా చేతిలో పెట్టాడు. 'నువ్వు తియ్యి. పక్కన నేనుంటాగా' అన్నాడు."

చిట్టి చెయ్యి అమ్మ భుజం మీదే ఉండిపోయింది.

"నేను తియ్యలేదు. పందొమ్మిదేళ్లయింది, భయం వేసింది. అంబులెన్స్‌కి ఫోన్ చేశాను. అది వచ్చింది. ఈ వీధిలోకి రాలేకపోయింది. రెండు పక్కలా కార్లు. మలుపులోనే ఆగింది. వాళ్లు స్ట్రెచరు పట్టుకుని నడిచొచ్చారు. నడిచి తీసుకెళ్లారు."

ఆ ముక్క చిట్టికి తెలుసు. ఆ దూరం కూడా తెలుసు. రెండు వందల పద్నాలుగు మీటర్లు. తర్వాతి నెల ఆఫీసు పని మీద కొలత చక్రం పట్టుకుని ఈ వీధి కొలిచినప్పుడు, గుమ్మం దగ్గర మొదలుపెట్టి మలుపు దాకా తోసుకెళ్లి, అంకె చూసి, కాసేపు గోడ వైపు తిరిగి నిలబడింది. ఈ వీధి బాగుపడాలని పట్టుబట్టి ఆఫీసులో అందరితో గొడవ పెట్టుకున్నది ఆ తర్వాతే. అమ్మతో ఎప్పుడూ చెప్పలేదు. దారికి అడ్డంగా ఆగిన కార్లలో నాన్న కారూ ఒకటి. ఆ సంగతి ఎత్తకుండా మిగతాది చెప్పడం ఎలాగో తెలియక.

"పెద్దాసుపత్రి ఇక్కడి నుంచి పన్నెండు నిమిషాలు," అంది అమ్మ. "నేను రోజూ ఇంజన్ వేసి పది నిమిషాలు కూర్చుంటాను. ఇంకో రెండు నిమిషాలు కూర్చోలేక దిగిపోతాను."

"డాక్టరు చెప్పాడు కదమ్మా. ముందే తెచ్చినా..."

"చెప్పాడు. వాళ్లకి అలా చెప్పడం అలవాటు. నేనూ ఫెయిలైన పిల్లల తల్లులకి అలాగే చెప్పేదాన్ని."

చిట్టి ఇక ఓదార్చలేదు. కొన్ని మాటలు విని ఊరుకోవలసినవి. సీటు వెనక నుంచి రెండు చేతులూ చాచి అమ్మని వాటేసుకుంది. మధ్యలో సీటు ఉంది, చేతులు సరిగ్గా అందలేదు. అందినంత మేర పట్టుకుంది.

పదకొండున్నరకి పెద్దరోడ్డు వైపు నుంచి క్రేను హారను ఒకసారి వినిపించింది. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నట్టుంది.

అమ్మ ముక్కు తుడుచుకుంది. కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది. పరీక్ష పేపర్లు పంచబోయే ముందు అలాగే చేసేది.

"ముందుకు రా."

"ఎక్కడికి?"

"ముందుకు. నాకు పక్కన బ్రేకు కావాలి. ఒక్కదాన్నే తియ్యలేను."

చిట్టి దిగి, అటు వైపు తిరిగి వచ్చి, తలుపు తీసి నిలబడింది. సీటు మీద నాన్న కూర్చుని కూర్చుని పడిన పల్లం. ఎక్కి కూర్చుంది. కాళ్లు చాచింది. బ్రేకు అందలేదు. ఇంకో జానెడు దూరంలో ఉంది. వేళ్లు సాగదీసింది. అందలేదు.

సీటు కింద మీట ఉంది. చిట్టి చెయ్యి అక్కడిదాకా వెళ్లి ఆగింది. అమ్మ వైపు చూసింది.

అమ్మ ఎదురుగా రోడ్డునే చూస్తోంది. "జరుపుకో," అంది. కొంచెం ఆగి, "నీకు మీ నాన్న కాళ్లెక్కడ వచ్చాయి, నా పోలిక. చిన్నప్పటి నుంచీ పొట్టి కాళ్లే," అంది.

మీట లాగితే ముందు రాలేదు. తుప్పు. రెండోసారి గట్టిగా లాగింది. కిర్రుమంటూ ఒక పన్ను, ఇంకో పన్ను, ఇంకోటి. నాలుగో పన్ను దగ్గర ఆగింది. బ్రేకు కాలికి తగిలింది.

అమ్మ కళ్లు మూసుకుని ఆ చప్పుడంతా విని, తెరిచింది.

"కాలు బ్రేకు మీద ఉండాలి," అంది.

"నొక్కకూడదు," అంది చిట్టి. వెనక సీట్లో కూర్చుని ఆ పాఠం ఎన్ని వందలసార్లు విందో. నేర్పేవాడి కాలు బ్రేకు మీదే ఉండాలి, ఉన్నట్టు తెలియకూడదు అనేవాడు నాన్న. తెలిస్తే నేర్చుకునేవాడు రోడ్డు చూడడు, నీ కాలు చూస్తాడు.

ఇంజన్ మొదటి తిప్పుకే అందుకుంది. గేరు వేసింది. కారు ఒక్కసారి ముందుకు ఎగిరి ఆగిపోయింది.

"క్లచ్చు!" అని అరిచాడు టైలరు షాపులోంచి. జీవితంలో సైకిలు తప్ప ఏదీ తొక్కనివాడు.

"మీ కుట్టు మిషను చూసుకోండి!" అంది అమ్మ, అద్దం దించి. పొద్దుటి నుంచీ అద్దం పూర్తిగా దించడం అదే మొదటిసారి.

రెండోసారి కూడా ఆగిపోయింది. తవ్వేవాళ్లు పనులు ఆపి చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు. మూడోసారి టైరు కింద ఏదో చిట్లిన చప్పుడై, పది నెలల దుమ్మూ ఆకులూ వదిలించుకుని బండి కదిలింది.

కదిలింది. చిట్టి మూడు నెలలు రాసిన మాట.

నడక కంటే కొంచెం వేగం. మేస్త్రీ హెల్మెట్ గుండెలకి ఆనించుకుని పక్కకి జరిగాడు. అటూ ఇటూ కార్లు లేని వీధి ఎంత వెడల్పుగా ఉందో చిట్టికి అప్పుడు తెలిసింది. రెండు అంబులెన్సులు పక్కపక్కన పట్టేంత. అమ్మ కూడా అదే చూస్తోందని, ఆమె పెదవులు బిగుసుకోవడం చూసి అర్థమైంది.

"ఇంత వెడల్పా," అంది అమ్మ, నెమ్మదిగా.

ఆ రెండు వందల పద్నాలుగు మీటర్లు ఒక్కొక్కటిగా వెనక్కి జరుగుతున్నాయి. నాన్నని మోసుకెళ్లిన దారి. గోడౌనుకి వెళ్లడానికి అమ్మ ముందే ఎడమ వైపు ఇండికేటరు వేసి ఉంచింది. పాఠం మర్చిపోలేదు.

మలుపు ఇంకా ఇరవై మీటర్లుంది. చిట్టి ఒళ్లో ఫోన్ వెలిగింది. తమ్ముడు. 'ఆయన ముందే వచ్చేశాడు. బయల్దేరారా?'

చిట్టి ఫోన్ బోర్లా తిప్పింది. ఒకసారి నోరు మూసుకుని జాబితా రాసింది. రెండోసారి వద్దనుకుంది.

"అమ్మా. గోడౌను దగ్గర జాగా మాట నిజమే. కానీ అక్కడ ఒకాయన ఉన్నాడు. బండి తీసుకెళ్లిపోవడానికి. తమ్ముడు మాట్లాడేశాడు. రేపు చెబుదామనుకున్నాడు. నీ మీద ప్రేమ కొద్దీ చేశాడు. నేనూ సరే అన్నాను. ఇప్పుడు చెబుతున్నాను."

వేగం తగ్గలేదు, పెరగలేదు. మలుపు వచ్చింది. అమ్మ కారు ఆపింది. ఎంత మెత్తగా ఆపిందంటే, నాన్న ఉంటే 'ఇంకా రాలేదు, రేపు కూడా రావాలి' అనేవాడు.

ఎదురుగా పెద్దరోడ్డు. బస్సులు, సైకిళ్లు, జనం. వీధిలోకి తిరగడానికి వేచి ఉన్న క్రేను. ఎడమ వైపు గోడౌను. కుడి వైపు ఏముందో ఇద్దరికీ తెలుసు.

"చిట్టీ, టైమెంత?"

"పదకొండూ నలభై ఎనిమిది."

"పన్నెండుకి చేరతాం."

అమ్మ వేలు ఇండికేటరు మీటని పైకి తోసింది. ఎడమ బాణం ఆరిపోయింది. కుడి బాణం వెలిగింది. టిక్, టిక్, టిక్.

ఫోన్ మళ్లీ మోగడం మొదలుపెట్టింది. ఎదురుగా క్రేను వాడు హారను కొట్టాడు.

"నీ కాలు బ్రేకు మీద ఉందా?" అంది అమ్మ.

"ఉంది."

"నొక్కుతావా?"

చిట్టి ఆసుపత్రి వైపు రోడ్డు చూసింది. అమ్మ చేతులు చూసింది. స్టీరింగు మీద పట్టు వదల్లేదు. తన కాలు చూసుకుంది. అది బ్రేకు మీదే ఉంది. నొక్కలేదు.